వేలు బయట

2022 ఆగస్టు 27, శనివారం, పొద్దున పదీ ఇరవై. కెనడాలో, కిచెనర్ శివార్లలో ఉన్న తుపాకుల దుకాణంలో, గాజుబల్ల ముందు నిలబడి అతను కళ్లు మూసుకున్నాడు. కుడిచేతిలో ఒక పెద్ద రివాల్వర్ ఉంది. బల్ల మీద పరిచిన ఆకుపచ్చ గుడ్డ మీద దాదాపు దానిలాంటిదే ఇంకొకటి ఉంది. రెంటిలో ఒకటి ఎంచుకోవాలి. చేతి తుపాకులు కొనడం, అమ్మడం దేశమంతటా ఆపేయబోతున్నారని వేసవి మొదట్లోనే ప్రకటన వచ్చింది. ఇప్పుడు ఎంచుకోకపోతే ఇక ఎప్పటికీ లేదు. ఎంచుకోవడానికి అతనికి తెలిసిన పద్ధతి ఒక్కటే, చేతికి ఎలా ఉందో చూసుకోవడం. ఆ చేతి వేళ్లకు అప్పటికి ఆరు నెలలుగా స్పర్శ లేదు.

ఆ సంగతి దుకాణంలో ఇద్దరికే తెలుసు. అతనికీ, నాకూ.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఒక దోసె పెనం. మొన్న శనివారం ఇండియన్ స్టోర్లో ఒక కుర్రాడు రెండు చేతుల్లో రెండు పెనాలు పట్టుకుని, కళ్లు మూసుకుని, దారికి అడ్డంగా నిలబడ్డాడు. నేను తోపుడుబండితో వెనక ఆగి, "బాబూ, కాస్త జరుగు," అన్నాను. కళ్లు తెరిచాడు. ఆ రివాల్వర్ పట్టుకున్న మనిషి బేస్‌మెంటులో ఒకప్పుడు అద్దెకున్న కడప అబ్బాయి.

"ఆంటీ! బాగుండారా?" అన్నాడు. చేతిలోవి చూసుకుని సిగ్గుపడ్డాడు. "అంకుల్ మాదిరి చూస్తాండా. నాకేం తెలీడం ల్యా. రెండూ ఒగటే బరువు."

"బరువు కాదు చూడాల్సింది. బరువు ఎక్కడుందో చూడు," అన్నాను. అన్నాక గానీ ఆ మాట నాది కాదని గుర్తు రాలేదు.

అతను మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవాడు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. భార్య పోయింది. ఒక్కతే కూతురు, ఏజాక్స్ అనే ఊళ్లో ఉంటుంది. కారు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో, తయారైన ముక్కలను పరీక్షించే విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. పేరు ఇక్కడ రాయను. వీధిలో తెలుగు పిల్లలందరూ తూకం అంకుల్ అనేవారు, ఆ పేరు అతనికీ ఇష్టంగానే ఉండేది. నన్ను అక్కగారూ అని పిలిచేవాడు. నేను ఏమయ్యా అనేదాన్ని.

రెండు ఒకేలాంటి వస్తువులు కనబడితే అతని చేతులు ఊరుకునేవి కావు. బ్యాంకులో సంతకం చేయమంటే, గొలుసుకు కట్టిన పెన్నును ఒకసారి, తన జేబులో పెన్నును ఒకసారి వేళ్ల మధ్య ఆడించి చూసేవాడు. వెనక వరసలో ఉన్నవాళ్లు గొణుక్కునేవారు. మా ఇంట్లో స్టీలు గ్లాసులో కాఫీ ఇస్తే కళ్లు మూసుకుని, "ఇది మీ పెళ్లినాటి సెట్టులోది. నిన్న ఇచ్చింది ఇక్కడ కొన్నది," అనేవాడు. నేను గ్లాసు అడుగున చెక్కిన పేరు చూసి సరిపోల్చుకునేదాన్ని. ఎన్నిసార్లు పరీక్ష పెట్టినా తప్పలేదు. ఒకసారి మాత్రం తప్పాడని సంబరపడ్డాను. తీరా చూస్తే పేరు చెక్కించిన దుకాణంవాడు మా సెట్టులో వేరే గ్లాసు కలిపేశాడు. నలభై ఏళ్లు నాకు తెలియలేదు.

బెండకాయల దగ్గరికి అతనితో వెళ్లడం నాకు నామోషీగా ఉండేది. మనవాళ్లందరూ కొసలు విరిచి చూస్తారు, విరిస్తే లేత, వంగితే ముదురు. అది ఇక్కడ స్టోరువాళ్లకు ఒళ్లు మంట. బెండకాయలు విరవవద్దని ఇంగ్లీషులో బోర్డు పెట్టారు. అతను ఆ బోర్డును పైకి చదివి, అదే ఊపులో ఒక కాయ కొస టప్పున విరిచేవాడు.

"ఏమయ్యా, చదివావు కదా?"

"చదివానక్కగారూ. విరవద్దన్నారు. నేను విరవడం లేదు, అడుగుతున్నాను. అదే విరిగింది."

విరిచిన కాయలన్నీ ముదురైనా సరే తనే కొనేవాడు. అందులో మాత్రం న్యాయంగా ఉండేవాడు. ముదురువి ఇంటికి తెచ్చి, కొసలు లేని కాయలతో పులుసు పెట్టి బేస్‌మెంటు పిల్లలకు పంపేవాడు.

కోడిని కోయడం చూడలేడు. గుడ్డు కూడా ముట్టడు. అలాంటి మనిషి ఆదివారం ఆదివారం, నేను చర్చికి వెళ్లే వేళకు, చిన్న పిస్తోలు పెట్టెలో పెట్టి తాళం వేసుకుని షూటింగ్ క్లబ్బుకు వెళ్లేవాడు. తిరిగొచ్చేటప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నరకు మా ఇంటి ముందు ఆగి కాఫీ తాగేవాడు. "మీ ప్రార్థన ఎలా జరిగింది?" అని అతను, "నీ గురి ఎలా కుదిరింది?" అని నేను. గురి చూసి కాల్చిన కాగితాలు పారేసేవాడు కాదు. తన వంటింటి అరల్లో, మనం పాత పేపర్లు పరిచే చోట, అవి పరిచేవాడు. అతని కందిపప్పు డబ్బా ఎత్తితే కింద నల్లటి గుండ్రం, దాని మధ్యలో చిల్లులు. చిల్లులు ఎంత దగ్గరగా ఉంటే ఆ కాగితం అంత పై అరకు వెళ్లేది.

"ఎందుకయ్యా నీకిది?" అని ఒకసారి గట్టిగానే అడిగాను.

కాసేపు గ్లాసు తిప్పాడు. "అక్కడ ఒక్కటే పని చేస్తానక్కగారూ. మిగతా చోట్ల ఏది చేస్తున్నా ఇంకోటేదో చేస్తూనే ఉంటాను."

తుపాకి పట్టేవాళ్లకు మొదట నేర్పే మాట ఒకటుందట. కాల్చాలని నిశ్చయించుకునేదాకా చూపుడువేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు, దాని చుట్టూ ఉన్న కమ్మీ బయట, తుపాకి పక్కన నిటారుగా ఆనించి ఉంచాలి. అతను దాన్ని "వేలు బయట" అనేవాడు. ఆ మాటను తుపాకి దగ్గర వదిలేయకుండా బతుకంతా వాడుకున్నాడు. వర్క్ పర్మిట్‌కు అప్లై చేస్తూ కంప్యూటర్లో సబ్మిట్ నొక్కబోయే పిల్లాడి భుజం మీదుగా వంగి, "వేలు బయట! పాస్‌పోర్ట్ నంబర్ ఇంకోసారి చూడు," అనేవాడు. కారులో హారన్ మీదికి నా చెయ్యి వెళితే, "అక్కగారూ, వేలు బయట." ఒకసారి చర్చి లెక్కల విషయంలో ఒకావిడకు ఫోన్ చేసి నాలుగు మాటలు అనబోతున్నాను. ఫోన్ నా చేతిలో ఉంది, అతను కాఫీ తాగుతున్నాడు. తలెత్తకుండానే, "వేలు బయట," అన్నాడు. ఫోన్ కింద పెట్టాను. మర్నాడు చూస్తే కూడికలో తప్పు నాదే.

ఆ ఏళ్లలో మా వీధి తీరే మారిపోయింది. దగ్గరలో ఉన్న కాలేజీకి పిల్లలు దిగుతున్నారు. ఆగస్టు చివరి వారం వచ్చిందంటే పేవ్‌మెంటు మీద సూట్‌కేసుల చక్రాల చప్పుడు ఆగేది కాదు. ఒక ఇంటి బేస్‌మెంటులో పదిమంది. బస్సు వస్తే ఆగకుండా పోయేది, లోపల కాలు పెట్టే చోటు లేక. అతని బేస్‌మెంటులో మూడు గదులు. గది కోసం వచ్చిన పిల్లలతో అతను బేరాలు, ప్రశ్నలు ఏమీ పెట్టేవాడు కాదు. చెయ్యి చాపి షేక్ హ్యాండ్ ఇచ్చేవాడు. ఒక క్షణం పట్టుకుని, ఉండమనో వేరే చోట చూసుకోమనో చెప్పేవాడు. కుర్రాళ్లలో దీని మీద పెద్ద శాస్త్రమే తయారైంది. బస్ స్టాపు దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటుంటే విన్నాను.

"గట్టిగ పట్టుకుంటే ఇయ్యడంట. మెత్తగ పట్టుకున్నా ఇయ్యడంట. మరెట్ల పట్టుకోవాలె?"

"ఏమోరా. చెయ్యి చెమట పట్టకుండ చూసుకో చాలు."

నేను అడిగితే నవ్వాడు. "చెయ్యి అబద్ధం చెప్పదని కాదక్కగారూ. భయపడే పిల్లాడి చెయ్యి తెలుస్తుంది. వాడికి ముందు ఇస్తాను. ధైర్యంగా ఉన్నవాడు ఎక్కడైనా వెతుక్కుంటాడు." ఇంతకాలం నేను సరిగ్గా దీనికి తలకిందులుగా అనుకున్నాను.

2021 నవంబరులో పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ అన్నారు. ఆపరేషన్ తర్వాత రెండు వారాలకొకసారి మందు ఎక్కించేవారు, ఏప్రిల్ దాకా. ఆసుపత్రికి నేనే తీసుకెళ్లేదాన్ని. కూతురికి చెప్పనిచ్చింది సగమే. ఆ మందు ఎక్కించిన మర్నాడు చల్లటి వస్తువు ముట్టుకుంటే వేళ్లకు షాక్ కొట్టేదట. ఫ్రిజ్‌లోంచి పాలు తీయడానికి ఉన్ని తొడుగులు వేసుకునేవాడు. ఫిబ్రవరి వచ్చేసరికి షాకులు పోయి వాటి చోట ఏమీ లేకుండా పోయింది.

"చేతికి తొడుగు వేసినట్టుంది. తీద్దామంటే రావడం లేదు," అన్నాడు.

మందు ఆపాక కూడా తొడుగు రాలేదు. వేళ్ల నరాలు దెబ్బతిన్నాయి, ఏడాదికో రెండేళ్లకో తిరిగి రావచ్చు, రాకనూ పోవచ్చు అన్నాడు డాక్టర్. చొక్కా గుండీలు అద్దంలో చూసుకుంటూ పెట్టుకోవడం నేర్చుకున్నాడు. నేను కాఫీ ఇస్తే గ్లాసు మాట ఎత్తడం మానేశాడు. బెండకాయ విరిచి, "వినబడుతోందక్కగారూ, తెలియడం లేదు," అన్నాడు ఒకరోజు. ఆరోజు బోర్డు పైకి చదవలేదు.

జూన్‌లో ఒక ఆదివారం క్లబ్బు నుంచి వచ్చి కాఫీ ముట్టకుండా కూర్చున్నాడు. చిన్న పిస్తోలు పేలితే చెవికి తెలుస్తోంది, చేతికి తెలియడం లేదన్నాడు. క్లబ్బులో ఒకాయన తన పెద్ద రివాల్వర్ ఇచ్చి కాల్చి చూడమన్నాడట. నలభైనాలుగు క్యాలిబర్ది, లావు గుళ్లది. అది పేలినప్పుడు తన్నిన తన్ను మణికట్టు దాటి, మోచెయ్యి దాటి భుజందాకా వచ్చిందట.

"తెలిసిందక్కగారూ! ఇక్కడిదాకా తెలిసింది." భుజం పట్టుకుని చూపించాడు. అతని కళ్లలో నీళ్లు చూడడం అదే మొదలు. ఇరవై ఏళ్లుగా పెద్ద తుపాకి జోలికి పోనివాడికి అది ఎందుకు కావాలో నాకు అప్పుడు అర్థమైంది. అమ్మకాలు ఆపేస్తారన్న వార్త అప్పటికే వచ్చి ఉంది. చెయ్యి రావడానికి ఏడాదో రెండేళ్లో. తలుపు మూయడానికి నెలలు.

ఇక ఆ శనివారం.

దుకాణం పెళ్లిళ్ల రోజుల్లో పట్టుచీరల కొట్టులా కిటకిటలాడుతోంది. అమ్మకాలు ఆపేసేలోగా దొరికింది కొనుక్కుందామని వచ్చినవాళ్లే అందరూ. మాకు చూపించిన మనిషి ఎర్రగడ్డం, పెద్ద శరీరం, ఓపికమంతుడు. రెండు రివాల్వర్లు గుడ్డ మీద పెట్టాడు. కంపెనీలు వేరు గానీ రెండూ నలభైనాలుగు క్యాలిబరే, గొట్టాలు ఒకే పొడవు, పిడులకు ఒకేలాంటి నల్ల రబ్బరు. నాకైతే కవలపిల్లల్లా కనబడ్డాయి. గుళ్లు పెట్టే చక్రాలు బయటికి తీసి ఖాళీగా ఉన్నాయని అతనికి చూపించాడు.

"ఆవిడకి కూడా చూపించండి. లెక్కలు ఆవిడవి," అన్నాడు ఇంగ్లీషులో. ఎర్రగడ్డం నవ్వి నావైపు తిప్పాడు. నేను కళ్లజోడు సర్దుకుని రెంటిలోనూ ఆరేసి ఖాళీలు లెక్కపెట్టాను.

ఎదురుగోడ మీద ఎవరూ తిరగని వైపు ఒక దుప్పి బొమ్మ ఉంది. గురి చూడాలంటే దానివైపే చూడమన్నారు. "అక్కగారూ, నేను కళ్లు మూసుకుని చెయ్యెత్తుతాను. ఆగాక కళ్లు తెరుస్తాను. గురి ఎక్కడికి వచ్చిందో నేను చూసుకుంటాను. గొట్టం లేచిందా, వాలిందా, వణికిందా మీరు చూడండి."

మొదట కుడివైపుది. కళ్లు మూశాడు. వేలు నిటారుగా, బయటే ఉంది. చెయ్యి లేచింది, ఆగింది. గొట్టం కాస్త ఆకాశం చూసింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ అంతే. తర్వాత ఎడమవైపుది. చెయ్యి లేచింది, ఆగింది, గొట్టం బల్లకు సమంగా నిలిచింది. మూడుసార్లు ఎత్తించాను. మూడుసార్లూ అంతే.

"రెండూ ఒకే బరువు కదయ్యా, ఎందుకలా?"

"బరువు కాదక్కగారూ చూడాల్సింది. బరువు ఎక్కడుందో చూడాలి. దీనికి ముక్కు దగ్గరుంది. మణికట్టుకి తెలుస్తోంది, వేళ్లతో పనే లేదు." గొంతు పెరిగింది. మా వెనక టోపీ పెట్టుకున్న ఒకడు విసుక్కున్నాడు. "బడ్డీ, రెండూ ఒకటే. ఏదో ఒకటి తీసుకో."

అతను వెనక్కి తిరిగి, పెళ్లికొడుకులా నవ్వాడు. "నో నో. నాట్ సేమ్." ఎర్రగడ్డంతో ఎడమవైపుది ఇవ్వమన్నాడు. ఆయన కాగితాలు తీయడానికి వంగాడు.

అక్కడితో అయిపోవలసింది. అతను, "ఇంకొక్కసారి," అన్నాడు, సరదాకి. పిల్లలు కొత్త బూట్లు ఇంకోసారి తొడుక్కున్నట్టు. కళ్లు మూశాడు. చెయ్యి లేచింది. గొట్టం సమంగా నిలిచింది.

"సర్." ఎర్రగడ్డం గొంతు చాలా మెత్తగా ఉంది. "యువర్ ఫింగర్."

అతను కళ్లు తెరిచాడు. దుప్పిని చూడలేదు. చేతిని చూశాడు. చూపుడువేలు కమ్మీ లోపల ఉంది. ట్రిగ్గర్ మీద వంగి పడుకుని ఉంది. అది ఎప్పుడు లోపలికి వెళ్లిందో అతనికి తెలియదు.

చుట్టూ గోల అలాగే ఉంది. అతను కళ్లతో చూసుకుంటూ వేలిని బయటికి తీశాడు. రివాల్వర్‌ను గుడ్డ మీద, గొట్టం ఎవరివైపూ లేకుండా పెట్టాడు. తర్వాత ఎడమచేత్తో కుడిచేతి చూపుడువేలిని పట్టుకుని, స్టోర్లో వస్తువును చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఫరవాలేదు సర్, అది ఖాళీదే. ఇట్ హ్యాపెన్స్," అన్నాడు ఎర్రగడ్డం.

"నాట్ టు మీ," అన్నాడు అతను.

ఆయనకు థాంక్స్ చెప్పి, కాగితాలు అక్కర్లేదన్నాడు. మేము తలుపు దాకా వచ్చేసరికి వెనక టోపీవాడి గొంతు వినబడింది. ఆ ఎడమవైపుది ఒకసారి ఇలా ఇవ్వమంటున్నాడు.

కారు స్టార్ట్ చేయకుండా కూర్చున్నాను.

"కొనుక్కో," అన్నాను. ఈ మాట నేనే అంటానని ఎన్నడూ అనుకోలేదు. "కొని బీరువాలో పెట్టి తాళం వెయ్యి. వేళ్లు బాగుపడ్డాక తీద్దువుగాని. మళ్లీ కావాలంటే దొరకదు కదయ్యా."

"కింద నలుగురు పిల్లలున్నారక్కగారూ."

"బీరువాకి తాళం ఉంటుంది కదా?"

"తాళం వాళ్లకి. నాకెవరు వేస్తారు? ఇంట్లో ఉంటే తీస్తాను. తీస్తే ఎత్తుతాను. ఎత్తినప్పుడు నా వేలెక్కడుందో నాకు తెలియదు." కిటికీలోంచి చూస్తూ చెప్పాడు. కారు కదిలి కొంచెం దూరం పోయాక మళ్లీ అన్నాడు. "ఎంచుకోవడం అయింది, కొనడమే లేదు. ఎడమవైపుది. మీరు గుర్తుపెట్టుకోండి. మీరు మర్చిపోరు."

ఇంటికి చేరేసరికి మెట్ల మీద ఇద్దరు కుర్రాళ్లు, నాలుగు సూట్‌కేసులు. ఖాళీ ఉన్నది ఒక గది. ఒకడు ఖమ్మం, ఒకడు కడప. ఇద్దరూ లేచి నిలబడి, ప్యాంటుకు చేతులు తుడుచుకుని సిద్ధంగా ఉన్నారు. కథలన్నీ విని వచ్చారు. అతను వాళ్ల ముందు ఆగాడు. కుడిచెయ్యి జేబులోంచి తీయబోయి మళ్లీ పెట్టేశాడు. తర్వాత రెండు చేతులూ తీసి నమస్కారం పెట్టాడు.

"గది ఒకటే. ఇద్దరూ ఉండండి. మధ్యలో కర్టెన్ కడదాం," అన్నాడు.

లోపలికి వెళ్లిపోయాక ఖమ్మం అబ్బాయి నన్ను మెల్లగా అడిగాడు. "ఆంటీ, మాకు షేక్ హ్యాండ్ ఇయ్యలేదెందుకు? ఏమన్న తప్పు జేసినమా?"

"లేదు బాబూ, మీరిద్దరూ పాసయ్యారు," అన్నాను.

ఆ సోమవారమే చిన్న పిస్తోలును కూడా క్లబ్బులోనే భద్రంగా ఉంచేసి వచ్చాడు. ఆదివారాలు ఇంట్లోనే ఉండేవాడు. నేను చర్చి నుంచి వచ్చేసరికి మా గుమ్మంలో ఉండేవాడు, కాఫీ మాత్రం మానలేదు. అక్టోబరు 21 శుక్రవారం నుంచి అమ్మకాలు ఆగిపోయాయి. ఆరోజు కూడా వచ్చాడు. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తాగాడు. గురి కాగితాలు ఇక కొత్తవి లేవు కనుక వంటింటి అరల్లో పాతవి అలాగే మాసిపోయాయి.

2023 జూలై 16, ఆదివారం. స్టోర్లో నేను పసుపు వెతుకుతున్నాను. కూరగాయల దగ్గర నుంచి కేక వినబడింది.

"అక్కగారూ!"

పడిపోయాడేమోనని బండి వదిలేసి పరుగులాంటి నడక నడిచాను. బోర్డు కింద, బెండకాయల ముందు, కుడిచెయ్యి పైకెత్తి నిలబడి ఉన్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య విరిగిన కొస ఉంది.

"తెలిసింది," అన్నాడు.

"వినబడిందేమోనయ్యా."

"ఒక చెవి భుజానికి ఆనించి, ఇంకో చెవి మూసుకుని విరిచాను. తెలిసింది." ఇంకోటి విరిచాడు. ఇంకోటి. స్టోరు అమ్మాయి వచ్చి బోర్డు వైపు వేలు చూపించింది. "ఎన్ని విరిస్తే అన్నీ కొంటానమ్మా," అన్నాడు తెలుగులోనే. ఆ అమ్మాయి పంజాబీ. ఏమర్థమైందో, వెళ్లిపోయింది.

ఆ రెండు వేళ్లే వచ్చాయి, మిగతా మూడూ రాలేదు. క్లబ్బులో ఒకాయనను పక్కన నిలబెట్టుకుని, వేలు బయట ఉంటోందా లేదా అని నెల రోజులు చూపించుకున్నాక గానీ చిన్న పిస్తోలు పేల్చలేదు. సెప్టెంబరులో ఒక కొత్త కాగితం తెచ్చి నా ముందు పరిచాడు. చిల్లులు దూరదూరంగా ఉన్నాయి. "కింద అరకే," అన్నాడు, సంతోషంగానే.

"మరి పెద్దది?" అన్నాను. అనకుండా ఉండవలసింది.

అతను ఖాళీ చెయ్యి చూసుకున్నాడు. కళ్లు మూసుకుని, ఏదో పట్టుకున్నట్టు వేళ్లు ముడిచి, చూపుడువేలు నిటారుగా ఉంచి, మా వంటింటి గోడ మీద క్యాలెండర్ వైపు చెయ్యెత్తాడు. ఆగాడు. కళ్లు తెరిచాడు.

"ఎడమవైపుదేనక్కగారూ. ఇప్పటికీ అదే."

నవంబరులో గడ్డ మళ్లీ కనబడింది, ఈసారి కాలేయంలో. మందు ఎక్కిస్తామన్నారు. కాస్త వ్యవధి వస్తుందని, వేళ్లు మళ్లీ పోవచ్చని చెప్పారు. అతను రెండు రోజులు గడువు అడిగి తీసుకుని, వద్దన్నాడు. కూతురు వచ్చి నా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. "ఆంటీ, హి ఈజ్ చూజింగ్ టూ ఫింగర్స్ ఓవర్ మీ," అంది. కాఫీ పెట్టి స్టీలు గ్లాసులో ఆమె ముందుంచాను.

చివరి వారం ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకున్నాడు. "మీకు బీపీ పెరిగింది. చూపించుకోండి," అన్నాడు. చూపించుకున్నాను. పెరిగింది. ఆ పైన మాట్లాడలేదు. దుప్పటి మీద కుడిచెయ్యి సగం ముడుచుకుని ఉండేది, చూపుడువేలు ఒక్కటి నిటారుగా, పక్కకు ఆనించి. నర్సు వచ్చి వేళ్లన్నీ సాపు చేసి దుప్పటి కప్పేది. కాసేపటికి మళ్లీ అలాగే ఉండేది. 2024 ఫిబ్రవరి 9, శుక్రవారం, తెల్లవారి ఆరూ ఐదుకు పోయాడు.

చిన్న పిస్తోలు ఇంకో మామూలు మనిషికి ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. కూతురు దాన్ని పోలీసులకు అప్పగించింది. ఇల్లు ఏప్రిల్‌లో అమ్మింది. కొన్నవాళ్లు వంటింటి అరలు ఊడదీసి బయట పడేశారు. కాగితాలు వాటికి అంటుకునే ఉన్నాయి.

పోయినవి ఇవి. కుడిచేతికి ఐదు వేళ్ల స్పర్శ, అందులో రెండు తిరిగి వచ్చాయి. ఒక చిన్న పిస్తోలు. ఒక పెద్ద రివాల్వర్, ఎడమవైపుది, ఎంచుకున్నది, కొననిది. బేస్‌మెంటులో మూడు గదులు, ఒక కర్టెన్. ఆదివారం పన్నెండున్నర కాఫీ. మనిషి ఒకడు, అరవై ఆరేళ్లు.